ఆ ఆదివారం చిన్నాన్న పక్కన కూర్చున్నదెవరు?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రపోతారు, ఊళ్లు పట్టుకుని తిరగరు అని చిన్నప్పటి నుంచి విని పెరిగినదాన్ని. పక్కింట్లో ఎవరికో గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పుతుంటే నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను. అయినా ఇది రాస్తున్నానంటే, కడుపులో పెట్టుకుని మోయలేకే.

మాది అనకాపల్లి. నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. ఆయనకి ఒక్కడే తమ్ముడు, మా చిన్నాన్న. మాకవరపాలెంలో ఉంటాడు. ఒకప్పుడు ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టుండేవారు.

వాళ్ల మధ్య చిచ్చుపెట్టింది బాప్తిస్మం. బయటివాళ్లకి వింతగా ఉంటుంది గానీ మావాళ్లలో ఇది మామూలే. మా చర్చిలో పసిపిల్లలకి నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. చిన్నాన్న వేరే సహవాసంలో, అంటే ఇంకో క్రైస్తవ సంఘంలో చేరి, ఏట్లో మునిగి మళ్లీ తీసుకున్నాడు. దానికి నాన్న ఏమీ అనలేదు. కానీ మా నానమ్మని సమాధి చేసి వచ్చిన రోజు, ఇంటినిండా జనం ఉండగా చిన్నాన్న నోరు జారాడు.

"అమ్మ నీట ములగనేదు కదా, ఆ చిలకరింపు లెక్కలోకి రాదు. ఇప్పుడు ఎక్కడుందో ఏటో" అన్నాడు.

నానమ్మకి పరలోకం దక్కదన్నట్టే ఆ మాట. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తమ్ముడి ముఖం చూడలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సహోదరుడితో తగువు పెట్టుకుని ప్రభువు బల్లలో, అంటే ఆయన గుర్తుగా పంచే రొట్టె ద్రాక్షరసాల్లో, చెయ్యి వేయకూడదని నాన్న పట్టుదల. ఆ సంస్కారం ఇచ్చే ఆదివారం రొట్టె పళ్లెం తన దగ్గరకి వస్తే పక్కవాళ్లకి అందించేసి తల దించుకునేవాడు. ఏళ్ల తరబడి అంతే. మా పాస్టరు అయ్యగారు నచ్చజెప్పారు. అమ్మ ఏడ్చింది. నేనైతే దెబ్బలాడాను. వెళ్లి నాలుగు తిట్టేసి రా, తేలిపోతుంది అన్నాను.

"ఆడు అమ్మని అన్న మాట ఎనక్కి తీసుకోవాల. అప్పుడు ఇద్దరం కలిసి తింటాం" అన్నాడు నాన్న.

అటు చిన్నాన్నా బింకం వదల్లేదు. ఇద్దరికీ బైబిలు కంఠతా వచ్చు. ఏం లాభం!

అలా ఉండగా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మింగలేడని ముక్కులో గొట్టం వేసి, ఇక ఇంటి దగ్గరే చూసుకోమన్నారు డాక్టర్లు. అయ్యగారు ఇంటికే వచ్చి, ద్రాక్షరసం ఒక్క చుక్క పెదాలకి తడుపుతానన్నారు. నాన్న ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. కళ్ల నుంచి మాత్రం ధారగా నీళ్లు. అంత ఆశ పెట్టుకుని ఇంత మొండితనమా అని నాకు కోపమూ వచ్చింది, గుండె తరుక్కుపోయింది కూడా. చిన్నాన్నకి కబురు మీద కబురు పంపాం. వత్తాను, వత్తాను అంటూనే ఉన్నాడు. రాలేదు.

ఆ ఆదివారం అమ్మా నేనూ నాన్న దగ్గర్నుంచి కదల్లేదు. చర్చిలో పాటలు మైకులో వినిపిస్తున్నాయి. నేను ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి మందగించి, మందగించి, ఆగిపోయింది.

ఇంకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మేము ఏడుస్తుండగానే చిన్నాన్న బండి గుమ్మం ముందు ఆగింది. చెమటలు కక్కుతూ వచ్చి, వీధిలోంచే నా మీద కేకలేశాడు.

"మీకు బుద్ధుందేటే? అంత జబ్బు మనిసిని ఎండలో ఒక్కడ్నే అంత దూరం పంపుతారా? నాకు సెప్పకుండా ఎలిపోయేడు. ఇంటికొచ్చేడా?"

పక్కకి తప్పుకున్నాను. లోపల మంచం మీద నాన్నని చూసి చిన్నాన్న అక్కడే కూలబడిపోయాడు.

ఆయన చెప్పింది ఇదీ. వాళ్ల సహవాసంలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. పాటలవుతుండగా నాన్న వచ్చి చాప మీద తన పక్కన కూర్చున్నాడట. ఉతికిన తెల్లచొక్కా, దువ్విన తల, ముక్కులో గొట్టం లేదు. బాగైపోయి వచ్చాడనుకున్నాడు. రొట్టె వచ్చినప్పుడు నాన్న తీసుకుని, సగం విరిచి తమ్ముడి చేతిలో పెట్టాడు. చిన్నాన్న తిని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు.

తర్వాత నేనే వెళ్లి అక్కడివాళ్లని అడిగాను. వెనక కూర్చున్న ఒకావిడ తెల్లచొక్కా పెద్దాయన్ని చూశానంది. ఆమె పక్కనున్నాయన ఎవరూ లేరన్నాడు.

ఇంతే అయితే దుఃఖంలో ఏదో భ్రమపడ్డాడని వదిలేసేదాన్ని. నాన్నకి స్నానం చేయిస్తూ, బిగుసుకున్న కుడి పిడికిలి విప్పాం. పొద్దున నేనే ఆ వేళ్లు విప్పి తడిగుడ్డతో తుడిచాను, అప్పుడేమీ లేదు. ఇప్పుడు అరచేతిలో రొట్టె ముక్క ఉంది. మా చర్చిలో ఇచ్చేది పల్చటి తెల్ల అప్పం. ఇది పెనం మీద కాల్చిన గోధుమ రొట్టె. ఆ పూట మా ఇంట్లో పొయ్యే వెలగలేదు. చిన్నాన్న తెచ్చి పెట్టాడందామా? ఆయన మంచం దాకా కూడా రాలేదు, గుమ్మం దగ్గరే పడి ఉన్నాడు.

తీసుకెళ్లి ఆయనకి చూపించాను.

"ఇది మాదే" అన్నాడు. ముఖం తెల్లబోయింది. "అన్నయ్య తిన్నేదా? ఓలమ్మో, తిన్నేదా? అమ్మని అన్నది తప్పని సెప్పేద్దామనే అనుకున్నానే. ప్రార్థన అయ్యేక సెప్దామని ఆగేను."

అప్పుడు నాన్న దగ్గరకి పాక్కుంటూ వెళ్లి, చెవిలో ఆ మాట చెప్పాడు. మళ్లీ మళ్లీ చెప్పాడు. మేము ఆపలేకపోయాం. రొట్టె ముక్కని అదే చేతిలో ఉంచి సమాధి చేశాం.

అయ్యగారిని అడిగాను. అమ్మా, నాకూ తెలీదు అని కళ్లు తుడుచుకున్నారు. వచ్చింది నాన్నేనా, ఆ రొట్టె ఎలా వచ్చింది, ఇప్పటికీ నేను చెప్పలేను. భయమైతే లేదు, దిగులే. అన్నేళ్లు ఆకలితో ఉన్న మనిషి రొట్టె చేతిలోకి తీసుకుని కూడా కూర్చున్నాడు. పక్కనున్న తమ్ముడు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడేముందు, ఒక్కసారి అన్నతో మాట్లాడి ఉంటే నాన్న తినేవాడు.