నేర్పించి పంపిన పరీక్ష

నా కూతురు మొద్దు కాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. మా చింతపండు మండీకి వచ్చిన రైతులు ఎవరు ఏమని బేరమాడారో ఒక్కసారి వింటే చాలు, సాయంత్రం వాళ్ళ నాన్నకు పూసగుచ్చినట్టు చెప్పేది. పుస్తకం చేతికిస్తే మాత్రం కళ్ళనీళ్ళే. అక్షరాలన్నీ వచ్చు, కలిపి చదవమంటే తడబడేది. నేను కుప్పం వైపు తెలుగులో చదువుకుని తమిళనాడులో ధర్మపురికి కాపురానికి వచ్చినదాన్ని. దాని అరవం పాఠాలు నేనేం చెప్పగలను?

తొమ్మిదో తరగతిలో క్లాసు టీచరు నన్ను పిలిపించింది. సేలంలో ఒక సైకాలజిస్టు ఉందట, పిల్లలకు చదువు ఎందుకు రావడం లేదో పరీక్ష చేసి చెబుతుందట. చదవడంలో లోపముందని ఆమె రాసిస్తే పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించడానికి, జవాబులు రాసిపెట్టడానికి ఒక మనిషిని ఇస్తారు, టైము కూడా ఎక్కువ ఇస్తారు. ఆ మాట విన్నాక నాకు చాలా రోజులకు కడుపునిండా అన్నం సయించింది.

మావారికి పరీక్ష అనే మాట ఒక్కటే వినబడింది. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్ళేముందు కూడా ఏమేం అడుగుతారో కనుక్కుని బట్టీపట్టిన మనిషి ఆయన. వాళ్ళింట్లో ట్యూషన్ లేకుండా పిల్లల్ని దేనికీ పంపరు. మా ఆడపడుచు తన కూతుర్ని అంతకుముందు ఆ సేలం సైకాలజిస్టు దగ్గరికే తీసుకెళ్ళింది. ఆమె గదిలో లేని సమయం చూసి బల్లమీది పరీక్ష కాగితాలను ఫోన్లో ఫోటోలు తీసుకుందట, ఆ మహాతల్లి. అవి మా ఇంటికి వచ్చాయి. వీధి చివర ట్యూషన్ చెప్పే ఆమె రోజూ వచ్చి వాటిని పైకి చదివేది, నా కూతురు విని అప్పజెప్పేది.

"జబ్బేమో చూడమని కదా పోతా ఉండాం. జ్వరానికి మాత్ర మింగేసి డాక్టరు దగ్గరికి పోతారా ఎవరన్నా?" అన్నాను.

"పిల్లకు బుర్ర లేదని రేపు ఊరంతా చెప్పుకుంటారు. నువ్వు గమ్మునుండు," అన్నాడాయన.

సేలంలో మమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేశారు. లోపల నా కూతురు చదువుతోంది. దాని గొంతు అలా ఎక్కడా ఆగకుండా సాగడం నేనెన్నడూ వినలేదు. ఏడుపొచ్చింది. పక్కన ఆయన మీసం దువ్వుకుంటున్నాడు. ఆ సైకాలజిస్టు ఇంకొక కొత్త కాగితం తీసి చదివించి ఉంటే చాలు, గుట్టు బయటపడేది. ఆమెకు ఆ ఓపిక లేకపోయింది.

చదవడంలో లోపమేమీ లేదు, శ్రద్ధే తక్కువ అని రాసిచ్చింది. మావారు మైసూరుపాకు కొని మండీలో హమాలీలకు కూడా పంచిపెట్టాడు. అంతవరకూ బడిలో దాన్ని చూసి జాలిపడేవాళ్ళు. ఆ రిపోర్టు చూశాక, తెలివి ఉండి నాటకాలాడుతోందని నిలబెట్టడం మొదలుపెట్టారు.

నేనొక్కదాన్నే బస్సెక్కి సేలం వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. సైకాలజిస్టు ముఖం మాడ్చుకుంది. "ఇంకో రకం పరీక్ష పెట్టవచ్చు. కానీ ఈ సంగతి ఆయన కూడా వచ్చి నాతో చెప్పాలి. రేపు మీరిద్దరూ చెరొక మాట అంటే నేనేం చేసేది?" అంది అరవంలో.

ఇంటికొచ్చి ఆయన్ని బతిమాలాను.

"దొంగపని చేసినామని నేను పోయి ఒప్పుకోవల్నా? పిల్ల బాగుండాదని రాసిచ్చినారు. దాన్ని చెరిపించేదానికి నేను రాను," అన్నాడు.

ఆయన పరువు నిలబడింది. పబ్లిక్ పరీక్షకు మనిషిని ఇమ్మని పెట్టుకునే దరఖాస్తు గడువు దాటిపోయింది. నాకు ఆయన మీద ఉన్నది కోపం కాదు, అసహ్యం. అన్నం పెడుతున్నాను, అంతే.

పబ్లిక్ పరీక్ష మొదటిరోజు ఇద్దరమూ దాన్ని దిగబెట్టడానికి వెళ్ళాం. దాని క్లాసు పిల్ల ఒకతిని ఒక టీచరమ్మ చెయ్యి పట్టుకుని వేరే గదిలోకి తీసుకెళ్తోంది. సేలం సైకాలజిస్టు రాసిచ్చినందుకు ఆ పిల్లకు ఆ టీచరమ్మే ప్రశ్నలు చదివి, జవాబులు రాసిపెడుతుందని అక్కడున్నవాళ్ళు చెప్పుకుంటున్నారు. నా కూతురు ఆ గది వైపే చూస్తూ నిలబడింది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"నాన్నా, సేలంలో ఆ పిల్ల నాకంటే బాగా చేసిందా?" అని అడిగింది.