పికప్ బండి నంబరు

ఒమన్‌లో మేముండే సహం ఊళ్లో దొరికే రబ్బరు బ్యాండ్లలో నాణ్యత లేదు. కొన్న నెలకే ఎండకు జిగురు పట్టి, ముట్టుకుంటే తెగిపోతాయి. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక ఊరుకున్నాను.

రబ్బరు బ్యాండ్లతో నాకేం పనంటే, మా తోట పనివాళ్లందరి బ్యాంకు కార్డులూ ఒక కట్టగా నా దగ్గర ఉండేవి. నేను బీకాం. వీసా మీద మాత్రం వ్యవసాయ కూలీని. గ్రీన్‌హౌస్‌లో దోసకాయలు కోయడం నా వల్ల కాదని మొదటి వారంలోనే తేలిపోయింది. మేనేజర్ జాలిపడి నన్ను లెక్కలకు మార్చాడు.

ఒమన్‌లో చట్టం చెప్పే కనీస వేతనం ఆ దేశస్థులకే. మాలాంటి వాళ్లకు మన ప్రభుత్వం ఒక అంకె పెట్టింది. ఒప్పందంలో అంతకు తక్కువ రాస్తే మనిషి ఇండియాలో విమానమే ఎక్కడు. పైగా జీతం చేతికివ్వకూడదు, మనిషి పేరున బ్యాంకులో వేయాలి. మా మేనేజరుకు నిబంధనలంటే గౌరవం. ఆ అంకె తగ్గకుండా రాసేవాడు, తగ్గకుండా వేయించేవాడు. ఆ సాయంత్రమే నేను కార్డుల కట్టతో వెళ్లి అంతా తీసుకొచ్చేవాణ్ణి. తిండి, రూము అంటూ అందులో మూడో వంతు ఆయన పక్కన పెట్టుకుని, మిగిలింది పంచేవాడు. కాగితం మీద మాకెవరూ ఏ అన్యాయమూ చేయలేదు.

ఎవరూ మరిచిపోకుండా కార్డులన్నింటికీ ఒకటే రహస్య సంఖ్య పెట్టించాడు. అది తోట పికప్ బండి నంబరు. మా రహస్యం బండికి ముందూ వెనకా రాసి ఉండేది.

ఆ నెల కూడా బజారులో ఏటీఎం ముందు నిలబడ్డాను. రెండు కార్డులు తీసి, వెనక ఎవరైనా వస్తే పక్కకు జరిగి, వాళ్లు వెళ్లాక మళ్లీ రెండు. సహంలో నా అంత మర్యాదస్తుడు లేడని కొందరు అనుకుని ఉంటారు. నిజానికి మెడ వెనక చెమట కారుతుండేది. ఒక మనిషి దగ్గర అన్ని పేర్ల కార్డులు ఎందుకున్నాయని అడిగితే చెప్పడానికి నా బీకాంలో జవాబు లేదు.

నిర్మల్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన కార్డు పెట్టాను. బండి నంబరు కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. తప్పంది. వేలు పక్క మీట మీద పడిందేమో అని మూడోసారి ఒక్కో అంకె చూసి కొట్టాను. మెషీన్ కార్డు మింగేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత కార్డు గడువు తీరితే, కొత్తదానికి మనిషే రావాలని బ్యాంకు వాళ్లంటే, పోయిన నెల నేనే ఆయన్ని తీసుకెళ్లాను. నేను బయట బండిలో ఏసీ వేసుకుని కూర్చున్నాను. ఆయన ఒక్కడే లోపలికి వెళ్లొచ్చాడు.

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే పోలీసు. డబ్బు తీసుకోవడానికి వచ్చాడు పాపం, ఆయనకీ జీతం పడి ఉంటుంది. నా మొహం చూసి హిందీలో అడిగాడు.

"క్యా హువా? మెషీన్ ఖరాబ్?"

"కార్డ్ అందర్ గయా, సార్."

"కోయీ బాత్ నహీ. కల్ బతాకా లేకే బ్యాంక్ జావ్. జిస్‌కా కార్డ్, ఉస్‌కో దేగా."

గుర్తింపు కార్డుతో బ్యాంకుకు వెళ్తే, ఎవరి కార్డు వాళ్లకిస్తారట. ఆయన ధైర్యం చెప్పాడు. నేను జేబులో కట్టను గట్టిగా పట్టుకుని తలూపాను. రబ్బరు బ్యాండు అప్పుడే తెగింది.

తోటకు మలుపు తిరుగుతుంటే మేనేజర్ ఫోను. ఆయనది గోదావరి జిల్లా. కోపం వచ్చినా గారూ అండీ తప్పవు.

"ఏంటి మాస్టారూ, లేటు?"

"ఒక కార్డు మెషీన్ మింగిందండి. నిర్మల్ పెద్దాయనది."

"ఊరికే ఎందుకు మింగుద్దండీ? నంబరు తప్పు కొట్టారా?"

"బండి నంబరే కొట్టాను."

ఉండండంటూ ఆయన ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడైంది. ఆ కాసేపట్లో నా వీసా రద్దయి, సామాను సర్దుకుని, విమానం కూడా ఎక్కేశాను.

"అంటే మార్చాడన్నమాట. కనుక్కోండి. మార్చుంటే రేపే టికెట్టు తీస్తాను. మీరు కనుక్కోలేకపోతే రెండు తీస్తాను. పది నిమిషాల్లో మళ్లీ చేస్తా."

రూము బయట పెద్దాయన బకెట్ ముందు కూర్చుని బనీను పిండుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"అన్నా, కార్డు నంబర్ మార్చినవా?"

"మార్చిన."

"నాకొక మాట చెప్పద్దా?"

"నీకు చెప్తే ఆయనకు చెప్పినట్టే గద."

"మెషీన్ మింగింది. ఆయనకు అనుమానమొచ్చింది. రేపే ఇంటికి పంపుతనంటుండు."

"ఎట్ల పంపుతడు? మార్చిన్నని ఎవలన్న చెప్తెనే గద పంపేది." బనీను దులిపి తాడు మీద వేశాడు. "కార్డు మీద నా పేరుంది. రేపు నేను బ్యాంకుకు పోత. నా పైసలు నేనే తెచ్చుకుంట. తిండికెంతో ఆయనే వచ్చి నన్ను అడగాలె."

"నీకు భయమైతలేదా?"

"అయితుంది. అయితే ఏంజెయ్యాలె?"

మెషీన్ చెడిపోయిందని చెప్పవచ్చు. రేపు పెద్దాయన బ్యాంకుకు వెళ్లి డబ్బు తనే తెచ్చుకుంటే అబద్ధమని తెలిసిపోతుంది, అప్పుడు రెండు టికెట్లు. నిజం చెబితే ఒకటే. లెక్క చిన్నదే.

జేబులో ఫోను మోగింది. తీసి చూశాను, మేనేజరే. చేతిలో అది మోగుతూనే ఉంది. పెద్దాయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎత్తు తమ్మీ. నువ్వెవల దిక్కో నేను సుత ఇంట."