మా పెట్టె, మాచర్ల బండి

పోయిన వారం గుంటూరు నుంచి ఇంటికి వస్తుంటే రైల్లో నా సంచీలోని కారం పొట్లం చిట్లింది. ముందు ఎదురుసీట్లో ఫోను చూసుకుంటున్న ఆయన తుమ్మాడు. తర్వాత ఆయన భార్య, ఆ తర్వాత కిటికీ పక్కన కునుకు తీస్తున్న పెద్దమనిషి. మూడో తుమ్ముకు నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ వాళ్లు చూడనే చూశారు. పక్కవాళ్ల కళ్లల్లో నీళ్లు తెప్పించి పైగా నవ్వుతోందేమిటీ ముసలిది అనుకొని ఉంటారు. సంగతి చెబుదామంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి, వాళ్లేమో నరసరావుపేటలో దిగిపోతారు. అందుకని ఇంటికొచ్చి కాగితం మీద పెడుతున్నాను. నిజానికి ఇది అప్పుడే రాయవలసింది. అప్పుడు నాకు రాయడం రాదు. మా ఊళ్లో బడి సాగే రోజుల్లోనే పత్తి పగిలేది. పత్తి తీయడానికి చిన్న వేళ్లు బాగుంటాయని మా అమ్మ నన్ను చేలోకి తీసుకుపోయేది. పత్తి అయ్యేసరికి మిరప కోత, కోతలయ్యేసరికి బడికి సెలవులు. అలా బడీ నేనూ ఎప్పుడూ ఎదురుపడలేదు. తర్వాతెప్పుడో నేర్చుకున్నాక కూడా అవసరానికి నాలుగు ముక్కలు రాయడమే గానీ, ఇలా కూర్చుని రాసే తీరిక లేదు. ఇప్పుడు చేతులకు పని తగ్గింది.

ఎనభైల్లో మా ఊరి ఆడవాళ్లం పద్నాలుగు మందిమి రోజూ పాసింజరు ఎక్కి గుంటూరు పోయి, మిర్చి గోడౌన్లలో తాలు ఏరి, తొడిమలు తీసి, సాయంత్రం అదే బండిలో తిరిగి వచ్చేవాళ్లం. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఎర్రకాయల గుట్టలోంచి దాన్ని ఏరి పక్కన పడెయ్యాలి. పొద్దుటి నుంచి ఆ గుట్టల మధ్య కూర్చుంటే ఘాటు చీరకు, జుట్టుకు, గోళ్ల సందులకు పట్టేది. మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా చేతుల మంట ఒక పట్టాన దిగేది కాదు. మాకు అలవాటైపోయింది గానీ రైల్లో వాళ్లకు అలవాటు లేదు. మేం పెట్టెలో కాలు పెట్టగానే ఒక మూల నుంచి తుమ్ములు మొదలయ్యేవి. నల్లపాడు వచ్చేసరికి తెల్లబట్టల వాళ్లంతా వేరే పెట్టెలోకి మారిపోయేవాళ్లు. సీజన్‌లో అంత రద్దీ బండిలోనూ మాకు కాళ్లు చాపుకునే చోటు దొరికేది. ఇంజను నుంచి మూడో పెట్టె, అలా మాదైపోయింది. మాతో పాటు అందులో మిగిలిన పరాయి మనిషి ఒక్కరే. మా స్టేషన్లోనే ఎక్కే, గుంటూరు బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మగారు. ముక్కుకు రుమాలు కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, మా మధ్యనే కూర్చునేవారు. మారిపోవచ్చు కదండీ అని ఒకసారి అంటే, అక్కడ మగవాళ్ల బీడీ పొగకంటే ఇదే నయమమ్మా అన్నారు.

ముఠాకు నేను పెద్దని. వయసులో కాదు, మాతో వచ్చే మా పెద్దత్త నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. నాకు నోరుంది, గుంటూరు దారులు తెలుసు, అన్నిటికీ మించి నాకు చదువొచ్చని అందరూ అనుకునేవాళ్లు. వచ్చని నేనెప్పుడూ అనలేదు. రాదని కూడా అనలేదు. గుంటూరు స్టేషన్లో సాయంత్రం బండి దగ్గరికి వెళ్లాక పెట్టెకు తగిలించిన బోర్డు ముందు కాసేపు నిలబడేదాన్ని. కళ్లు చిన్నవి చేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు చూసేదాన్ని. తర్వాత గుమ్మంలో తల పెట్టేదాన్ని. అసలు పని అక్కడ. మా పెట్టె బల్లల సందుల్లో మా కొంగుల నుంచి రాలిన మిర్చి దుమ్ము పేరుకుని ఉండేది. లోపలికి తల పెట్టి గట్టిగా గాలి పీల్చగానే నాకు తుమ్ము వచ్చేది. నాకే తుమ్ము వచ్చిందంటే ఆ పెట్టె మాదే. "మన బండే, ఎక్కండి" అనేదాన్ని. ఒక రోజు పంతులమ్మగారు పేపరు చదవడం అయ్యాక నా చేతికిచ్చారు. పుచ్చుకుని, ఆవిడ తిప్పినట్టే కాగితాలన్నీ తిప్పాను. ఏం రాశారమ్మా అని అడిగారు. అన్నీ మామూలేనండీ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆ ఏడు మా తోడికోడలు కాన్పు తర్వాత మొదటిసారి పనికి వచ్చింది. పిల్లకు మూడో నెల. పొద్దున పాలిచ్చి మా అత్త చేతిలో పెట్టి వస్తే, మళ్లీ సాయంత్రం ఇల్లు చేరి, చేతులకు రెండుసార్లు మజ్జిగ రుద్దుకుని, చీర మార్చుకున్నాకే పిల్లను ముట్టుకోవాలి. మధ్యలో పిల్ల మేకపాలతో సరిపెట్టుకోవాలి. ఆ పిల్లకేమో మేకపాలు సయించవు, రెండు గుటకలు మింగి మూతి తిప్పేసేది. నాలుగింటి నుంచి మా తోడికోడలు రవికె తడిసిపోయేది. కొంగు నిండా కప్పుకుని, వేగంగా పోవే, వేగంగా పోవే అని ఇంజనుతో చెబుతున్నట్టు గొణుక్కుంటూ కూర్చునేది. ఆమెను పనికి పిలిచింది నేను. వేళకు ఇల్లు చేరుస్తానని మా మరిదికి మాటిచ్చిందీ నేనే.

వారం తిరక్కముందే ఒక సాయంత్రం పంతులమ్మగారు పరీక్ష పేపర్లు దిద్దాలని, చివరి బండికి వస్తానని బడిలోనే ఆగిపోయారు. మేం స్టేషన్‌కు వచ్చేసరికి బండి నిలబడి ఉంది. నేను ఎప్పటిలాగే బోర్డు ముందు నిలబడ్డాను, గుమ్మంలో తల పెట్టాను, తుమ్మాను. అందరూ ఎక్కారు. నేను అంత ధీమాగా ఎక్కడంలో తప్పేమీ లేదు. అది ముమ్మాటికీ మా పెట్టే. కిటికీ చువ్వకు మా పెద్దత్త కట్టిన గుడ్డపీలిక కూడా అలాగే ఉంది. ఆ వేళ రైల్వే వాళ్లు ఏ అవసరం వచ్చిందో మా పెట్టెల్ని మాచర్ల బండికి తగిలించి, మా వైపుకు వేరే పెట్టెల్ని పంపారు. పెట్టె మాదే, బండి మాత్రం మాది కాదు.

నల్లపాడు దగ్గర పట్టాలు రెండుగా చీలతాయి, ఒకటి మా నరసరావుపేట వైపు, ఇంకొకటి మాచర్ల వైపు. నల్లపాడు దాటాక కాసేపటికి పేరేచర్ల కొండ కిటికీలోకి రావాలి. మా తోడికోడలు రోజూ దాని కోసమే చూసేది, కొండ వస్తే ఇంటిదారి పట్టినట్టు. ఆ రోజు చాలాసేపు చూసి నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, కొండ అటు పోతోందేంటి?"

"కంకర కోసం కొట్టీ కొట్టీ జరిపేసుంటార్లే," అంది పెద్దత్త. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొండ నిజంగానే దూరంగా, వెనక్కి పోతోంది.

తర్వాతి చిన్న స్టేషన్లో అందర్నీ దింపేశాను. స్టేషన్ మాస్టరు మమ్మల్ని చూసి, ఇది మాచర్ల బండి కదమ్మా, గుంటూరు వైపు బండి అరగంటలో వస్తుంది, అందాకా కూర్చోండి అని చెప్పి లోపలికి పోయాడు. ఎవరూ కూర్చోలేదు. మా తోడికోడలు రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నా ఎదురుగా నిలబడింది. ఆమె ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

"బోర్డు చూశావుగా అక్కా?"

ఎండకు కనబడలేదనో, బోర్డే తప్పు పెట్టారనో అనొచ్చు. వాళ్లు నమ్మేవాళ్లు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె చేతుల కింద రవికె మీద తడి పెద్దదవుతూ ఉంది.

"చూశానే. చదవలేదు. నాకు చదవడం రాదు."

"మరి రోజూ అంతసేపు నిలబడి ఏం చూసేదానివే?" అంది పెద్దత్త.

"మీరు నన్ను చూస్తున్నారని చూసేదాన్ని."

నా జీవితంలో అంత పొడుగు అరగంట ఇంకొకటి లేదు. బండి వచ్చాక నల్లపాడు దాకా వెనక్కి వచ్చాం. మా వైపు చివరి బండి దాకా ఆగలేక, అక్కడ దిగి రోడ్డెక్కి, మిర్చి యార్డులో సరుకు దించి ఖాళీ గోతాలతో నరసరావుపేట వైపు పోతున్న లారీని ఆపాం. పద్నాలుగు మందిమి గోతాల మీద కూర్చున్నాం. ఈసారి దారి డ్రైవరుకు తెలుసులేవే, నువ్వు ముందుకెళ్లి వాసన చూడకు అంది పెద్దత్త. అప్పుడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు. మా తోడికోడలు మాత్రం నవ్వలేదు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపయింది. పిల్ల నిద్రపోతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక మా అత్త దాన్ని ఎత్తుకుని వీధి చివర బాలింత దగ్గరికి పోయి పాలిప్పించిందట. మా తోడికోడలు చేతులు కడుక్కుని పిల్ల పక్కన కూర్చుంది. నేను మా అత్తకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ అంతా విని, "రానిది రాదని చెప్పడానికి ఇంతమందిని ఊరు తిప్పాలా?" అంది. తర్వాత నాకు కూడా అన్నం పెట్టింది.

మర్నాడు పొద్దున స్టేషన్లో నేను అందరికంటే వెనక నిలబడ్డాను. మా తోడికోడలు వస్తుందని అనుకోలేదు. వచ్చింది. నా పక్కనే నిలబడి, "పంతులమ్మగారు ఎక్కాకే ఎక్కుదాం అక్కా, ఇవాళ్టికి," అంది. ఇవాళ్టికి అన్న మాట ఒక్కటి నాకు చాలింది. బండి కదిలాక నేను లేచి వెళ్లి పంతులమ్మగారి ఎదుట నిలబడ్డాను. మిగతా పదమూడు మందీ వింటుండగా, నాకు అక్షరాలు రావండీ, చెబుతారా అని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. సంచీలోంచి సుద్దముక్క తీసి, జరిగి కూర్చుని, తన పక్కన బల్ల మీదే మొదటి అక్షరం రాశారు. దిద్దమన్నారు. ముప్పై నాలుగేళ్ల వేళ్లు, రోజుకు బుట్టలకొద్దీ తాలు ఏరే వేళ్లు, అందులోని ఒక్క సున్నా చుట్టబోతే వంకర పోయాయి. నల్లపాడుకు ముందు బండి సిగ్నల్ కోసం ఆగిపోయింది. ఆలస్యమైతే గోడౌన్లో మేస్త్రి ఊరుకోడని అందరూ గుమ్మాల దగ్గరికి చేరి విసుక్కుంటున్నారు. నేను తలెత్తలేదు. చెరిపి మళ్లీ దిద్దుతున్నాను. బండి ఆగితే కాలం పోతోందని అన్నేళ్లూ తిట్టుకున్నదాన్ని, ఆ పొద్దున మాత్రం కాలం నాకోసమే అక్కడ కాసేపు నిలబడింది అనుకున్నాను.