తిన్నావా అని అడిగితేనే సీటు

చెట్టికరైలో, అందరూ తమిళమే మాట్లాడే కాలేజీలో, ఇంజనీరింగ్ చివరి ఏడాది, నేనూ నా స్నేహితురాలూ సి ప్లస్ ప్లస్‌లో బస్సు రిజర్వేషన్ ప్రోగ్రాం రాశాం. హోసూరు వెళ్ళే ప్రతి ప్రయాణికుడికీ మైనస్ సీటు నంబరే వచ్చేది. వెతికి వెతికి చూస్తే తప్పు మాది కాదు, రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ భాషలోకి మార్చే, ల్యాబ్‌లోని పాత కంపైలర్‌ది. ప్రోగ్రాంలో ప్రయాణికుడి వివరాలుండే 'క్లాసు' అనే భాగంలో ఏదైనా ఒక మాట తెరమీద చూపిస్తే మాత్రం నంబరు సరిగ్గా వచ్చేది. అందుకని ఆమె అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నావా?" అని రాసింది.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ తెర చూసి, "ఇదేందిమ్మా?" అన్నారు. ఆయనదీ తెలుగిల్లేనని అప్పుడే తెలిసింది.

"అట్ల అడగకుంటే సీటు వచ్చేది లేదు సార్," అన్నాను.

ఆయన నమ్మలేదు. ఆ వరస తీసేసి నడిపారు, మైనస్ వచ్చింది. మళ్ళీ చేర్చారు, సరిపోయింది.

"మా ఇంటికి వచ్చే చుట్టాలూ ఇంతేమ్మా, అడగకుంటే ముఖం తిప్పుకుంటారు," అన్నారు.

మేము బయటికొచ్చి, వరండాలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాం.