ఆదివారం తలనొప్పి

ఇంటర్ చదివే రోజుల్లో నాకు తలనొప్పి ఆదివారాలే వచ్చేది. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్ళో ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ చేయడం వింతేమీ కాదు. రేకుల షెడ్డులో రాడ్ కింద పడితే బయట పడుకున్న కుక్కలు కూడా కళ్ళు తెరిచేవి కావు. వారమంతా తేలిక బరువులు, ఆదివారం మాత్రం ఎవరి సత్తా ఎంతో తేల్చుకునే రోజు. ఆ రోజు రాడ్ భుజాల మీంచి తల పైకి లేచేటప్పుడు, నా మెడ వెనక ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. ఆ నొప్పి నడినెత్తికెక్కి కూర్చుంటే సాయంత్రం దాకా దిగేది కాదు.

జిల్లా సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి కాబట్టి దాచేద్దామనుకున్నాను. మా అమ్మ దగ్గర అలాంటి పప్పులు ఉడకవు.

"ఏటే, కళ్ళు అలా ఎర్రగున్నాయి?"

"ఏటీ లేదమ్మా, కాస్త తలనొప్పి."

"కాస్తేటి? ఊరి కళ్ళన్నీ నీ మీదే ఉంటే రాదేటి?"

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి గట్టిదేనని తీర్మానించి, నన్నడక్కుండానే అరసవల్లి సూర్యదేవుడికి మొక్కేసింది. నొప్పి తగ్గేదాకా ప్రతి ఆదివారం పొద్దు గూకే వరకూ నేను ఉపవాసం ఉండాలి.

"అప్పటికీ తగ్గకపోతే మాత్రం ఆ ఇనప ముక్కలు ముట్టుకున్నావో, సూడు మరి!"

నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. రాడ్ వదలక్కర్లేదంటే సోమవారం కూడా పస్తుండేదాన్ని. అలా వారంలోకెల్లా పెద్ద బరువులు ఖాళీ కడుపుతో ఎత్తడం మొదలైంది. ఇందులో తిరకాసేమిటో మాకిద్దరికీ తట్టనే లేదు. నొప్పి ఇంకా పెరిగింది. అమ్మ మాత్రం దేవుడు పరీక్ష పెడుతున్నాడంది.

ఒక ఆదివారం రాడ్ వదిలేసి తల పట్టుకుని కూలబడ్డాను. మా కోచ్ సారు హడలిపోయి, డాక్టరు సరే అనేదాకా షెడ్డులో కాలు పెట్టొద్దన్నారు. డాక్టరుకి చూపించడానికి అమ్మ నన్ను విజయనగరం బస్సెక్కించింది. నాకు జబ్బంటే భయం లేదు. ఇక ఎత్తనివ్వరేమోనన్నదే భయం.

డాక్టరు బీపీ చూశారు, స్కాన్ తీయించారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. తర్వాత ఎలా ఎత్తుతావో చూపించమన్నారు. అక్కడున్న స్టూలు పట్టుకుని నా ప్రతాపమంతా చూపించాను.

"ఊపిరి ఏదమ్మా?" అన్నారాయన.

నిజమే, వంగిన దగ్గర్నుంచి దించేదాకా ఊపిరి బిగపట్టే ఉన్నాను.

"సరే, ఆదివారం పొద్దున్న ఏం తింటావు?"

అమ్మ గర్వంగా జవాబిచ్చింది. "ఏటీ తినదు బాబూ. ఉపవాసం. తలనొప్పి తగ్గాలని."

డాక్టరు కళ్ళజోడు తీసి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశారు. కొన్నాళ్ళు బరువులు ఆపాలి, తర్వాత తక్కువ నుంచి మొదలెట్టాలి, తిని, నీళ్ళు తాగి, ఊపిరి వదులుతూ ఎత్తాలి, మళ్ళీ నొప్పి వస్తే వెంటనే ఆపేసి రావాలి అన్నారు.

"అయితే మానిపించక్కర్లేదా?" అంది అమ్మ. అక్కర్లేదని ఆయనంటే, ఆమె నాకంటే ముందు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడు సెలక్షన్లు నేను లేకుండానే అయిపోయాయి. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఇక మిగిలింది మొక్కు సంగతి.

"దేవుడికిచ్చిన మాట తప్పుతామేటి? నువ్వు తిను. నీ బదులు నేనుంటాను" అంది అమ్మ.

కొన్ని నెలలకి, మళ్ళీ పూర్తి బరువు ఎత్తే ఆదివారం వచ్చింది. పొద్దున్నే నా చేత కడుపు నిండా ఇడ్లీలు తినిపించి, తను మాత్రం పస్తుతోనే అమ్మ మొదటిసారి నాతో షెడ్డుకి వచ్చింది. ఊపిరి వదలడం నేను మర్చిపోతే అరిచి గుర్తు చేస్తానంది. రాడ్ పట్టుకున్నాను. భుజాల మీదికొచ్చింది. బుస్సుమని ఊపిరి వదులుతూ దాన్ని తల మీదికి లేపాను. నిలిచింది. వదిలేశాను. మెడ వెనక ఏమీ లేదు! నవ్వుతూ వెనక్కి తిరిగాను. అరవాల్సిన మనిషి నోరు తెరవనే లేదు. నేను వంగినప్పుడు తను బిగపట్టిన ఊపిరి అప్పుడే వదులుతూ, రెండు చేతులతో కణతలు నొక్కుకుంటూ గోడవారగా చతికిలబడుతోంది.

ఆ ఆదివారం నాకు తలనొప్పి రాలేదు. మా అమ్మకొచ్చింది.