హారిస్ ఓడలు

మంగఫ్ దగ్గరి ఆయిల్ రేవులో ట్యాంకర్లకు మోకులు కట్టడం నా పని. ఇరాక్, ఇరాన్ కొట్టుకుంటున్న ఏళ్లలో కొన్ని ట్యాంకర్లకు బూడిదరంగు యుద్ధనౌకలు తోడు వచ్చేవి. నీళ్లడుగున దాక్కున్న జలాంతర్గామి చప్పుడు కూడా వాటికి వినిపిస్తుందని మా ఫోర్‌మన్ గొప్పగా చెప్పేవాడు. మేం కడపవాళ్లం వాటికి హారిస్‌లని పేరు పెట్టాం. కువైట్‌లో బిల్డింగు కాపలావాణ్ణి అలా పిలుస్తారు. మా హారిస్ లిఫ్టు ఆగితే పరిగెత్తుకొచ్చేవాడు, జబ్బుపడ్డవాళ్లకు టాక్సీ పిలిచేవాడు. కాపలా అంటే లోపలున్న మనుషులకేనని మా బుర్రల్లో పాతుకుపోయింది.

ఆ తర్వాత ఇరాక్ సైన్యం కువైట్‌లోకే దిగింది. నా చెల్లెలు రుమైథియాలో ఇంటిపని చేసేది. వాళ్ల మామా, అంటే యజమానురాలు, దాన్ని వదిలేసి సౌదీకి పారిపోయింది. చెల్లెలిని నా గదికి తెచ్చుకున్నాను. దానికి ఉబ్బసం. పీల్చే మందు ఒక్క డబ్బా మిగిలింది, మా చుట్టుపక్కల మందుల షాపులన్నీ లూటీ అయ్యాయి.

మా వీధివాళ్లు బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సు మాట్లాడుకున్నారు.

"పోదాం పాన్నా, మందు అయిపోతాండాది," అంది చెల్లెలు.

రేవులో పనిచేసినవాణ్ణి, నాకు తెలియనిదా! ఎడారిలో పడి చావడం ఎందుకు, హారిస్‌లు వస్తాయి, దర్జాగా ఓడెక్కి పోదాం అన్నాను. బస్సు వెళ్లిపోయింది.

కొన్ని రోజులకు రేడియోలో హిందీ వార్తలు విన్నాం. మా హారిస్‌లు, ఆ యుద్ధనౌకలే, మళ్లీ గల్ఫ్‌కు వచ్చాయట. సంబరంగా పెట్టె దించాను. తీరా వింటే, అవి వచ్చింది ఇరాక్ నూనె బయటికి పోకుండా ఆపడానికట. మా ఊసే లేదు. నూనె పోవాలంటే తోడు, పోకూడదంటే అడ్డం. ఇన్నేళ్లూ చూసి మురిసింది వీటినా? ఛీ! పక్కన చెల్లెలు మోకాళ్ల మీదికి వంగి ఊపిరి కోసం అల్లాడుతోంది. దాని పిల్లికూతలు పక్కనున్న నేనే పట్టించుకోలేదు, ఓడలనేం అనను? వాటికంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

పది రోజులకు మరో బస్సు దొరికింది. జోర్డాన్ సరిహద్దు డేరాల్లో మందు పూర్తిగా అయిపోయింది. గోదావరి వైపు నర్సమ్మ ఒకామె ఎక్కడినుంచో సూది తెచ్చి వేసి దాన్ని బతికించింది.

విమానాశ్రయానికి బస్సులు వచ్చిన రోజు చెల్లెలి చేయి పట్టుకుని ఒకదాని దగ్గరికి తీసుకెళ్లాను. ఇదే మనది, ఎక్కు అన్నాను. అది మెల్లగా చేయి విడిపించుకుని, మెట్ల దగ్గరున్న ముక్కూ మొహం తెలియని ముసలాయన్ని అడిగింది.

"పెద్దాయనా, ఈ బస్సు విమానం కాడికే పోతాదా?"