ఎడారిలో ఉత్త కాళ్లు

మొన్న మా ఊరు షామ్‌బర్గ్‌లో డాక్టరమ్మ నా సాక్సులు విప్పించి, సన్నటి నైలాన్ పోగుతో అరికాళ్ల మీద అక్కడక్కడా పొడుస్తూ "తెలుస్తోందా?" అని అడిగింది. సగం చోట్ల తెలియలేదు. షుగర్ వచ్చి చాలాకాలమైంది లెండి. ఇంటికొచ్చి ఆ కాళ్లనే చూసుకుంటూ కూర్చున్నాను. ఒకప్పుడు ఆరిజోనా ఎడారిలో నన్ను గట్టెక్కించినవి అవే.

రెండువేల రెండు ప్రాంతం. ఎమ్మెస్ చదువుతున్నాను, ఉద్యోగాల్లేని రోజులు. ఎఫ్-వన్, అంటే స్టూడెంట్ వీసా, నిలవాలంటే ఆ సెమిస్టర్‌లో ఇంకో మూడు క్రెడిట్లు కావాలి. "గుళ్లు, పాతగోడలు చూసుడే గద మామా, ఎగ్జామ్ గూడ లేదు" అని మా రూమ్మేట్, వరంగల్ వాడు, నన్ను ఎడారి స్టడీ టూర్‌లో చేర్పించాడు. ఐదు రోజులు వ్యాన్‌లో తిరగడం, చూసిన ప్రతి చోటి గురించీ రాసివ్వడం, అంతే. క్యాంటీన్‌లో అంట్లు తోమి తోమి అలిసిన ఒళ్లు నాది. ఏసీ తగిలితే చాలు, నిద్ర. మోకాళ్ల నొప్పులతో కుంటుతూ ప్రొఫెసరమ్మ ఏ శతాబ్దం గురించి చెప్పినా నాకు ఆవలింతలే. మట్టిగోడల చర్చి, రాళ్ల శిథిలాలు, మళ్లీ చర్చి. ఒక్కటి మాత్రం మేమిద్దరం మరవలేదు, గడప దగ్గర బూట్లు విడవడం. "మనోళ్ల దేవుడు కాకుంటేంది, దేవుడే గద" అనేవాడు మావాడు. తక్కినవాళ్లు బూట్లతో టకటకా వెళ్తుంటే మేం కాలే నేల మీద గెంతుతూ పోయేవాళ్లం.

చివరి రోజు వ్యాన్‌లో నోట్‌బుక్ తెరిస్తే తేదీలు తప్ప ఏమీ లేవు. దిగేలోపు ఇవ్వాలి. ఫెయిలైతే వీసా పోతుంది. మావాడి పుస్తకం లాక్కుని చూస్తే అందులో అన్నీ బొమ్మలే. ఇక నా కాళ్లకు తెలిసిందే రాశాను. శిథిలాల్లోని గుండ్రటి పూజాగదిలో రాయి చురుక్కుమంది. మొదటి చర్చిలో మట్టినేల నీళ్లకుండ అడుగులా చల్లగా ఉంది. బలిపీఠం ముందు, జనం తరతరాలుగా మోకరిల్లిన చోట, రెండు గుంటలు కాలికి తగిలాయి. ఇచ్చేసి సిగ్గుతో తల దించుకున్నాను.

వారం తర్వాత ప్రొఫెసరమ్మ నన్ను పిలిచింది. పాస్ చేసింది. "ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తున్నాను, ఆ గుంటలున్నాయని నాకే తెలియదు. వచ్చే ఏడు నేనూ బూట్లు విప్పుతాను" అంది. ఆ ఏడే రిటైరైందని తర్వాత విన్నాను. నాకు చాలా బాధేసింది.

ఇన్నేళ్ల కిందటి ఆ మట్టినేల చల్లదనం నాకు ఇప్పటికీ తెలుస్తోంది, పొద్దున కాలు పెట్టిన మా వంటింటి నేలే తెలియడం లేదు.